తమ్ముడి పేరు మీద వైద్యం

మా అమ్మాయి వాదన మొదలుపెట్టిందంటే మా ఆయన లేచి చొక్కా తగిలించుకుని బయటికి వెళ్ళిపోయేవారు. అంత పొడుగు బొగ్గు బండిని ఘాట్‌లో అదుపు తప్పకుండా దించుకొచ్చే మనిషి, ఇంట్లో పదిహేడేళ్ళ పిల్ల ఎదుట కాసేపు కూర్చోలేకపోయేవారు. దాని పద్ధతి అలాంటిది. చిన్నప్పుడు కూరలో ఉప్పెక్కువైతే, ఎక్కువైందని నేను ఒప్పుకునేదాకా కంచం ముందు నుంచి కదిలేది కాదు. ఒప్పుకున్నాక అదే కూర కిక్కురుమనకుండా తినేసేది. దానికి కావలసింది వేరే కూర కాదు, నా నోటి వెంట ఆ మాట రావడం. ఇది లాయరు బుద్ధి అని మా క్వార్టర్ల వరసలో అందరూ నవ్వేవారు. పదో తరగతి అయ్యాక అది నిజంగానే లా చదువుతానన్నప్పుడు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

ఎందుకంటే మా ఇంట్లో డాక్టరు చదువు తప్ప మరో ఊసు లేదు. మా మామగారు శ్రీకాకుళం పక్క పల్లె నుంచి బిలాస్‌పూర్ లోకో షెడ్‌లో పనికి వచ్చి, ఈ కాలనీలోనే కన్నుమూశారు. మా ఆయన గూడ్సు బండి డ్రైవరు. ఇప్పుడు లోకో పైలట్ అంటున్నారు గానీ ఇళ్ళలో మేమింకా డ్రైవరనే అంటాం. మా తమ్ముడూ డ్రైవరే. ఇద్దరూ ఒకే వీధిలో గోలీలాడుకుంటూ పెరిగినవాళ్ళు, మా పెళ్ళి మాట ముందు ఎత్తింది కూడా వాడే.

బయటివాళ్ళకి డాక్టరంటే రోగం తగ్గించే మనిషి. ఇంజన్ ఎక్కేవాళ్ళ ఇళ్ళలో డాక్టరంటే ఫిట్టో అన్‌ఫిట్టో తేల్చే మనిషి. అప్పుడప్పుడూ మెడికల్‌కి పిలుస్తారు. కళ్ళు, గుండె, రక్తం, అన్నీ చూస్తారు. అన్‌ఫిట్ అన్నారంటే ఆ రోజుతో ఇంజన్ దిగి ఏ ఆఫీసు మూలో కాగితాలు సర్దుకుంటూ కూర్చోవాలి. బండి నడిపినందుకు వచ్చే మైలేజీ డబ్బు పోతుంది, అంతకన్నా ముందు మనిషి మర్యాద పోతుంది. డ్రైవర్ సాబ్ అని పిలిచిన నోళ్ళే ఆ మాట మానేస్తాయి. మెడికల్ దగ్గర పడుతోందంటే మా ఆయన కాకరకాయ రసం తాగి, చోడి అంబలి మీద ఉండి, రెండు పూటలూ నడిచి వచ్చేవారు. పెళ్ళిచూపులకి కూడా అంత తయారీ ఉండదని నేను ఏడిపించేదాన్ని.

"మన కొంపలోనే ఒక డాక్టరుంటే ఎంత దైర్యంగా ఉంటాదే," అనేవారు నాతో.

అమ్మాయి ఊరుకునేది కాదు. "డాక్టర్ అన్‌ఫిట్ అన్నాడనుకో డాడీ. ఎందుకన్నావని అడిగేదెవరు? వకీల్. అందుకే నేను వకీల్ అవుతా. హైకోర్టు ఇక్కడే ఉంది కదా, ఇంట్లోంచే వెళ్ళొస్తా."

"కోర్టుకెక్కినోడు ఎవుడు బాగుపడ్డాడే?"

"ఆస్పత్రికెళ్ళినోళ్ళు అందరూ బాగుపడ్డారేటి?"

మా ఆయన చొక్కా కోసం చూసేవారు.

నేను ఆయన పక్షమే. నల్లకోట్లు వేసుకుని కోర్టు బయట ఎండలో కక్షిదారుల కోసం ఎదురుచూసేవాళ్ళని ఎందరినో చూశాను. ఆడపిల్లకి తెల్లకోటే నయమనుకున్నాను. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. బయాలజీ తీసుకోవాలి, నీట్ కోచింగ్‌కి వెళ్ళాలి. దానితో పాటు లా ఎంట్రన్స్ కూడా రాసుకోవచ్చు. రెండు పడవల మీద కాళ్ళు పెడితే లా దానంతటదే జారిపోతుందని మా ఆయన లెక్క. అమ్మాయి సంగతి ఆయనకి అప్పటికీ పూర్తిగా తెలియదు.

ఆ రోజుల్లోనే ఆయన చక్కెర జబ్బు మాత్రలకి లొంగడం మానేసింది. ఇక ఇన్సులిన్ సూది తప్పదన్నారు. మాత్రలతో ఉన్నంతవరకు ఎలాగో నెట్టుకురావచ్చు గానీ సూది మొదలైతే ఇంజన్ మీద ఉండనివ్వరని బళ్ళు నడిపే మా రన్నింగ్ వాళ్ళలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఇలాంటప్పుడు మా వాళ్ళు పట్టే దారి ఒకటుంది. రైల్వే ఆస్పత్రిలో తమ పేరు మీద మచ్చ పడకుండా చూసుకుని, బజార్లో ఉన్న డాక్టరు దగ్గర ఇంకొకరి పేరుతో వైద్యం చేయించుకుంటారు. ఇది తప్పని ఎవరూ అనుకోరు. పక్కింటికి వెళ్ళి కాస్త చింతపండు అడిగి తెచ్చుకున్నట్టు పేరు అడిగి తెచ్చుకుంటారు. మా వరసలో ఒకాయన బీపీకి తోడల్లుడి పేరు వాడేవాడు. ఆ తోడల్లుడు మూలశంకకి ఈయన పేరు వాడుకునేవాడు. దాని మీద కాలనీలో చాలా జోకులుండేవి.

మా ఆయన మొదటిసారి తెలిపారా బజారులో ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు నోటికొచ్చిన పేరేదో చెప్పారు. కోచింగ్ నుంచి వస్తూ అమ్మాయే స్కూటీ మీద తీసుకెళ్ళింది. కాంపౌండరు ఆ పేరు పెట్టి ఎన్నిసార్లు పిలిచినా ఈయన గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నారట. చివరికి అమ్మాయి మోచేత్తో పొడిస్తే ఉలిక్కిపడి లేచారట. అక్కడున్న రోగులందరూ నవ్వారని ఇంటికొచ్చి అదే చెప్పింది. ఆ సాయంత్రం మా తమ్ముడు కూడా మా ఇంట్లోనే ఉన్నాడు.

"ఊరూ పేరూ లేనిదెందుకు బావా, నా పేరు సెప్పీ," అన్నాడు నవ్వుతూ. "సిన్నప్పట్నించీ నన్ను పిలిసి పిలిసి నీ సెవులకి అలవాటే. ఎవులెత్తినా తిరిగి సూస్తావు. నంబరు కూడా నాదే ఇచ్చీ. రైల్వేవోలు ఎవులైనా నీ ఫోను సూసినా ఏటీ దొరకదు."

అలా మా ఆయన తెలిపారాలో మా తమ్ముడైపోయారు. వాడికి చక్కెరా లేదు, బీపీ లేదు, రాయిలా ఉండేవాడు. వాడి పేరు మీద సూది మందు వచ్చేది, వాడి ఫోనుకి రమ్మని మెసేజీ వచ్చేది, వాడు మాకు కబురు చెప్పేవాడు. డాక్టరు మంచివాడు, ఓపిగ్గా చూసేవాడు. నెలలు గడిచేసరికి అతను కూడా ఆ పేరుతోనే చనువుగా పలకరించడం మొదలుపెట్టాడట.

అమ్మాయికి మాత్రం ఇది ఎక్కడో గుచ్చుకుంది. ఒకరోజు వచ్చి పుస్తకాల సంచి మంచం మీద పడేసి, "డాడీ ఉఠ్ గయే, మమ్మీ," అంది. "మామయ్య పేరు పిలిచీసరికి వెంటనే లేచిపోయారు. కాస్త కూడా ఆలోచించలేదు. నాకు అస్సలు నచ్చలేదు."

మా ఆయన బూట్లు విప్పుకుంటూ విన్నారు. "నువ్వు డాక్టరువైపోతే నాకు ఇంకొకల పేరుతో పనేటే? నీ కాడే కూసుంటాను."

"పేరు దాచుకోడానికి కూతుర్ని డాక్టర్ చేస్తారా డాడీ?"

ఆయన విప్పిన బూట్లు మళ్ళీ వేసుకున్నారు.

ఆ ఎండాకాలం అమ్మాయి రెండు పరీక్షలూ రాసింది. రెండూ బాగా రాశానంది. ఫలితాల కోసం చూస్తున్న రోజుల్లో మా ఆయన పొద్దున్నే డ్యూటీకి వెళ్ళారు. వెళ్ళేముందు సూది వేసుకున్నారు, వేసుకున్నాక వెంటనే ఏదైనా తినాలి. దారిలో ఎక్కడో బండి ఆగినప్పుడు తిందామనుకున్నారు. బండి ఆగలేదు. వరసగా పచ్చ సిగ్నళ్ళు పడుతూ ఉంటే డబ్బా మూత తీసే తీరిక దొరకలేదు. మిట్టమధ్యాహ్నం ఎర్ర సిగ్నల్ దాటేశారు. పక్కనున్న అసిస్టెంటు పిలిస్తే పలకలేదట. ఆ అబ్బాయే బ్రేకు వేశాడు. బండి సిగ్నల్ దాటి కొంత దూరం వెళ్ళి ఆగింది. ముందు లైను ఖాళీగా ఉండబట్టి ఎవరికీ గోటి గీత పడలేదు. అసిస్టెంటు తన సంచిలోంచి బెల్లం ముక్క తీసి నోట్లో పెడితే ఈయనకి తెలివి వచ్చింది.

తాగి ఉన్నారేమోనని ఊదించి చూశారు, తాగలేదని తేలింది. సస్పెండు చేశారు. డ్రైవర్లు మోసుకుపోయే ఇనప పెట్టె ఒకటుంటుంది, దాన్ని భుజాన పెట్టుకుని సాయంత్రం ఇంటికొచ్చారు. పెట్టె గుమ్మంలోనే దించి, నీళ్ళు అడిగి తాగారు.

"ఎర్రది కనిపించింది," అన్నారు. "కనిపించలేదని కాదు. సెయ్యి లేవలేదు."

సిగ్నల్ దాటడమంటే మా ఇళ్ళలో చావు కబురు తర్వాత అదే. ఎవరూ చావకపోయినా ఉద్యోగానికి మాత్రం నీళ్ళు వదులుకోవాల్సిందేనని అందరికీ తెలుసు. ఆ రాత్రి వరసలో వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కాసేపు కూర్చుని వెళ్ళిపోయారు. మా తమ్ముడు డ్యూటీలో ఉన్నాడు.

ఈ డిపార్టుమెంటు ఎంక్వైరీలకి బయటి లాయరును రానివ్వరు. పనిలో ఉన్నవాడో రిటైరైనవాడో, ఒక రైల్వే మనిషే పక్కన కూర్చుని మాట సాయం చేయాలి. మా వెనక వరసలో ఒక రిటైర్డ్ గార్డుగారు ఉన్నారు, అలాంటివి చాలా నడిపిన మనిషి. ఆయన మా ఇంటికి వచ్చి మా ఆయన్ని కూర్చోబెట్టి మొత్తం చెప్పించుకున్నారు. సూది సంగతీ, పేరు సంగతీ కూడా.

"సూడు నాయనా," అన్నారు అంతా విని. "నిద్దరోయినానంటే నిర్లచ్చం కింద తీసేస్తారు, దానికి తిరుగు లేదు. జబ్బు దాసినానని ఒప్పుకుంటే దానికీ సిచ్చ ఉంటాది. కాని రోగిస్టి మనిసి, కావాలని సెయ్యలేదు అని నేను పట్టుకోడానికి ఒక కొస దొరుకుతాది. ఇంజన్ దింపేసి కిందెక్కడో పనిచ్చే ఆస ఉంటాది. సెప్తే నిజమే సెప్పు. నేకపోతే నన్ను పిలవకు."

అమ్మాయి తలుపు దగ్గర నిలబడి వింటోంది. ఆయన వెళ్ళబోతుంటే ఆపి ప్రశ్నలు మొదలుపెట్టింది. డాక్టరుని సాక్షిగా పిలవొచ్చా? అసిస్టెంటు బెల్లం పెట్టానని రాసిచ్చాడా? తీసేస్తే ఎవరికి అప్పీలు చేయాలి? గార్డుగారు మళ్ళీ కూర్చుని టీ తాగి అన్నిటికీ చెప్పారు. "ఈ గుంట నాకన్నా బాగా అడగతంది," అని వెళ్ళేటప్పుడు మా ఆయనతో అన్నారు. అది విని మా ఆయన మొహంలో మొదటిసారి కాస్త వెలుగు కనిపించింది.

ఆ తర్వాత మా ఇంట్లో రోజూ ఎంక్వైరీయే. అమ్మాయి కుర్చీలో కూర్చునేది, మా ఆయన్ని ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టేది.

"మీకు ఏమైనా జబ్బుందా?"

"ఉన్నాదండి. అంటే... కొంచెం..."

"కొంచెం అనొద్దు డాడీ. ఉంది, లేదు. అంతే. ఫిర్ సే, మళ్ళీ చెప్పండి."

"ఉందండి. చక్కెర. సూది వేసుకుంతన్నాను."

"రైల్వే డాక్టరుకి ఎందుకు చెప్పలేదు?"

"భయమేసి సెప్పలేదండి."

ఆ మాట మొదట్లో ఆయనకి నోరు తిరిగేది కాదు. భయమేసిందని కూతురి ముందు చెప్పడం ఏ తండ్రికైనా కష్టమే. కానీ అమ్మాయి వదలలేదు. అనగా అనగా ఆయనకి తేలికైంది. ఒకరోజు స్టూలు మీద నుంచి లేస్తూ, "ఎంక్వైరీ అవ్వనీ. నువ్వు సెప్పినట్టే సెప్తాను. ఆ తరవాత నీకు నచ్చిందే సదువుకో. లా అంతే లా," అన్నారు. నేను గుమ్మంలో బియ్యం ఏరుతూ విన్నాను. ఈ పిల్ల నల్లకోటు వేసుకుంటే బాగుంటుందని నాకూ మొదటిసారి అనిపించింది. ఉద్యోగం ఊడేలా ఉన్న ఇంట్లో అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు గానీ, ఆ రోజుల్లో మేం బాగున్నాం.

ఎంక్వైరీ దగ్గర పడ్డాక మా తమ్ముడు వచ్చాడు. అమ్మాయి ఇంట్లో లేదు. మా ఆయన లోపలి గదిలో పడుకుని ఉన్నారు. వాడు వంటింటి గడప మీద కూర్చున్నాడు. అక్కని అప్పా అనడం మా వైపు అలవాటు.

"అప్పా, బావ జబ్బు సంగతి సెప్పీస్తాడంట గదా."

"సెప్తారు. సెప్పాల."

"సెప్తే ఎక్కడ సూపించుకున్నావంతారు. అక్కడ పేరు నాది, నంబరు నాది. నన్నూ పిలుస్తారు. ఒకడు దాసినాడు, ఇంకోడు దాయడానికి పేరిచ్చినాడు అని ఇద్దరి మీదా కేసు పెడతారు."

"పేరిచ్చినప్పుడు ఇకిలించుకుంటూ ఇచ్చినావు గదరా. ఇప్పుడు ఏడుపెందుకు?"

"పాసింజరు బండికి ప్రమోషన్లో నా పేరు వొచ్చీసిందప్పా. ఇన్నేల్లు బొగ్గు లాగినాను." వాడు కళ్ళు తుడుచుకున్నాడు. "బావ ఎలగూ మునిగినాడు. నన్ను కూడా లాగితే బావ తేల్తాడేటి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. చేతిలో ఉన్న గరిటె వాడి మీద విసరాలనిపించింది. చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పిన తమ్ముడు. వాడి భార్య, ఇద్దరు పిల్లలు, పిల్లల ఫీజులు, అన్నీ నాకు తెలిసినవే. అయినా ఊరుకోలేదు. నోటికొచ్చినట్టు తిట్టాను. మగాడివైతే నువ్వే వెళ్ళి నేనే ఇచ్చానని చెప్పమన్నాను. వాడు తల వంచుకుని పడ్డాడు. చెప్తానని మాత్రం అనలేదు.

మా ఆయన లోపల్నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అంతా విన్నారని మొహమే చెబుతోంది.

"ఆడికి అన్నం పెట్టు," అన్నారు నాతో.

పెట్టాను. వాడు ఏడుస్తూనే తిన్నాడు. ఈయన పక్కన కూర్చుని మజ్జిగ పోశారు. వాడు వెళ్ళాక నేను ఆయన ముందు నిలబడి చెప్పాను, మా తమ్ముడని మొహమాటపడకండి, నిజమే చెప్పండి అని. "అలగే," అన్నారు. సాయంత్రం అమ్మాయితోనూ చెప్పాను, మామయ్య వచ్చి ఇలా అడిగాడని. అది భయపడలేదు. "అడగనీ మమ్మీ. డాడీ నాకు మాట ఇచ్చారు కదా," అంది.

ఎంక్వైరీ రోజు మేమిద్దరం కూడా వెళ్ళాం. లోపలికి రానివ్వరు కాబట్టి వరండాలో బల్ల మీద కూర్చున్నాం. అమ్మాయి మంచి సల్వారు వేసుకుని, జడ గట్టిగా బిగించుకుని వచ్చింది. పెదాలు కదులుతున్నాయి, ప్రశ్నలూ జవాబులూ లోపల్లోపల నడిపిస్తోందని నాకు తెలుసు. ఫ్యాను కింద కూర్చున్నా ఇద్దరికీ చెమటలు పోస్తున్నాయి.

ముందు గార్డుగారు బయటికి వచ్చారు. చేతిలో సంచి బల్ల మీద పడేసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అడిగినారమ్మా," అన్నారు నా వైపు చూడకుండా. "జబ్బేదైనా ఉందా అని ఒకటికి రెండుసార్లు అడిగినారు. నేదన్నాడు. మరేటయ్యిందంటే కునుకు పట్టీసిందన్నాడు. నేను పక్కన దిష్టిబొమ్మలా కూసున్నాను."

అమ్మాయి లేచి నిలబడింది. మా ఆయన వస్తూ మమ్మల్ని చూసి కాస్త దూరంలోనే ఆగిపోయారు. అదే ఆయన దగ్గరికి నడిచింది.

"క్యోం, డాడీ?"

"మీ మామయ్యకి ఇద్దరు పిల్లలున్నారే."

"మీకు?"

ఆయన దాని తల మీద చెయ్యి వేయబోయి మానుకున్నారు. "నాకు నువ్వున్నావు గదా. నువ్వు డాక్టరువైతే..." అని ఆగిపోయారు.

అది వాదిస్తుందనుకున్నాను. అరుస్తుందని, ఆ గది తలుపు తోసుకుని వెళ్ళి ఈయన అబద్ధం చెప్పారని అంటుందని కూడా అనుకున్నాను. అలా చేస్తే ఆపకూడదని మనసులో నిశ్చయించుకున్నాను. అది మాత్రం నా సంచి తీసుకుని భుజాన వేసుకుని, మెట్లు దిగి, స్కూటీ దగ్గర నిలబడింది.

ఉద్యోగం తీసేశారు. కాలనీ క్వార్టరు ఖాళీ చేసి ఊరి చివర మోప్కాలో మేం కట్టుకుంటున్న ఇంట్లోకి మారిపోయాం. గోడలకి సిమెంటు పూత కూడా పడలేదు, కిటికీలకి రేకులు అడ్డం పెట్టుకున్నాం. అప్పీలు చేద్దామని గార్డుగారు కబురు పంపారు. మా ఆయన సరేనన్నారు గానీ సంతకం పెట్టడానికి వెళ్ళలేదు. నేను తమ్ముడితో మాట్లాడటం మానేశాను. మా ఆయన మానలేదు. వాడు వస్తే ఇద్దరూ అరుగు మీద కూర్చుని బళ్ళ గురించి మాట్లాడుకునేవారు. వాడు పాసింజరు బండి ఎక్కాడు. ఎక్కిన రోజు వచ్చి ఈయన కాళ్ళకి దండం పెట్టాడు. నేను లోపలే ఉండిపోయాను.

తెలిపారా డాక్టరు దగ్గరికి ఇప్పుడు సొంత పేరుతో వెళ్ళవచ్చు. దాచాల్సిన ఉద్యోగమే లేదు. ఆ మాటే నేనంటే, "ఇన్నాల్లూ ఆ పేరుతో తెలుసు గదే ఆలకి. ఇప్పుడు మార్సితే ఏటనుకుంతారు?" అన్నారు. ఇంకా మా తమ్ముడి పేరు పిలిస్తేనే లేస్తున్నారు.

ఫలితాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అది అన్నట్టే రెండూ బాగా రాసింది. ప్రభుత్వ మెడికల్ కాలేజీలోనూ సీటు వచ్చేలా ఉంది, మంచి లా కాలేజీలోనూ వచ్చేలా ఉంది. అంత కష్టంలో అలాంటి కబురు వస్తే ఎగిరి గంతేయాలి. మేం ముగ్గురం పూత లేని గదిలో కూర్చుని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"మాటిచ్చినాను," అన్నారు మా ఆయన నెమ్మదిగా. "నీకు నచ్చిందే సదువు."

నేను ఆయన కన్నా ముందుకెళ్ళాను. "లాకే వెళ్ళవే. ఆ నోరు దానికే పుట్టింది. నేనే వద్దన్నాను, ఇప్పుడు నేనే చెప్తున్నాను," అన్నాను. నిజంగానే అన్నాను. ఆ వరండాలో అది మెట్లు దిగి వెళ్ళిపోయిన తీరు నాకు కళ్ళలోంచి పోవడం లేదు. మళ్ళీ ఒకసారి దాని గొంతు పైకి లేస్తే చాలనిపించింది.

"మెడికల్," అంది. అంతే అంది. లేచి వెళ్ళి కుండలో నీళ్ళు ముంచుకుంది.

కాలనీ వాళ్ళందరూ మోప్కా దాకా వచ్చారు. ఉద్యోగం పోతే పోయింది, కూతురు డాక్టరైపోయింది, దేవుడు ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో ఇచ్చాడన్నారు. మా ఆయన అందరికీ ఎదురెళ్ళి లోపలికి తీసుకొచ్చారు. చాలా రోజులకి గడ్డం చేసుకున్నారు. మా తమ్ముడు సదర్ బజార్ నుంచి అందరికన్నా పెద్ద మిఠాయి పెట్టె తెచ్చాడు, దానితో పాటు తెల్లకోటు. అమ్మాయి వాడి కాళ్ళకి వంగి దండం పెట్టింది. వాడు దాన్ని లేవనెత్తి భోరుమని ఏడ్చాడు. అందరూ అది ఆనందమనుకున్నారు. మా ఆయన లడ్డూ తీసుకుని తిన్నారు. తినకూడదని నేను చెప్పలేదు, డాక్టరు కాబోయే పిల్ల కూడా చెప్పలేదు. ఊరికే చూస్తూ నిలబడింది.

కాలేజీకి బయలుదేరే రోజు పెట్టె సర్దుతున్నాం. మా ఆయనా తమ్ముడూ బయట ఆటో కోసం చూస్తున్నారు. ఇక అడగకుండా ఉండలేకపోయాను. తలుపు దగ్గరికి వేసి, "నిజం చెప్పు. నాన్న కోసమే కదా ఇది? ఆయన బాధపడతారనే కదా లా మానుకున్నావు?" అన్నాను.

అది తెల్లకోటు మడత పెడుతూ తలెత్తింది. కోపం లేదు. ఏడుపు లేదు. లెక్క తప్పితే సరిదిద్ది చెప్పినంత మామూలుగా చెప్పింది.

"నహీ మమ్మీ. లా చదివితే జిందగీ అంతా మనుషుల్ని నిజం చెప్పండి, నిజం చెప్పండి అని అడుగుతూ ఉండాలి. రోజూ ముందు కూర్చోపెట్టి నేర్పించాను, మా నాన్నే చెప్పలేదు. ఇంకెవరు చెప్తారు? డాక్టర్‌కి అవేవీ అక్కర్లేదు కదా. వచ్చినోడు ఎవరి పేరు చెప్పినా సూది వేసి పంపించొచ్చు."

కోటు పెట్టెలో పెట్టి మూత మూసింది. నేను కోరుకున్న డాక్టరు నా ఎదురుగానే నిలబడి ఉంది. నాకు దాన్ని చూస్తే భయం వేసింది.